ఎవరి దశ వేస్తే వారి బొమ్మ

జూన్ 12, 1992. శుక్రవారం

మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. మా ఆయన తలుపు తీసి, వంటింట్లోకి వచ్చి, "తిలకం, నీ పూర్వజన్మ నుంచి ఎవరో వచ్చారు, చూడు," అన్నారు.

పేరు మలర్‌విళి. తిరునెల్వేలి పిల్ల. నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా మెట్లెక్కని యూనివర్సిటీ ఎర్ర భవనంలోనే పరిశోధన చేస్తోందట. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుంది.

"తిలకవతి మీరేనా మేడం? ఆరావముదన్ సార్ 1963 పేపరు చివర, లెక్కలు చేసిపెట్టినందుకు కృతజ్ఞతలు అని ఒక్క పేరు ఉంది. ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటూ పెరంబూరు దాకా వచ్చాను."

ఒక్క పేరు. అవును.

ఆ పేపరులో చెప్పిన, చేదు వేరులోంచి తీసిన పదార్థాన్ని స్ఫటికంగా ఎలా పెంచామో తెలుసుకోవాలని వచ్చిందట. ఎన్నిసార్లు ప్రయత్నించినా తనకు పొడి తప్ప ఏమీ రావడం లేదంది. "స్పిరిట్లో కరిగించి, సీసా మూతికి గుడ్డ కట్టి, కిటికీలో పెట్టాలి. సముద్రం వైపు కిటికీలో వద్దు, ఆ గాలికి చెమ్మ పట్టేస్తుంది. వెనక కిటికీలో పెట్టు," అన్నాను. ఇంత వెంటనే నోటికి రావడం నాకే వింతగా ఉంది.

వెళ్ళేముందు కాఫీ గ్లాసు కింద పెడుతూ, తల ఎత్తకుండా అంది. "ఎవరికీ చెప్పకండి మేడం. సార్ అప్పుడు చెప్పిన అణువు ఆకారం తప్పనిపిస్తోంది. ఖాయం చేసుకోవడానికే మంచి స్ఫటికం కావాలి."

జూన్ 13

సంతోషమేమీ లేదు.

జూన్ 14, ఆదివారం

సేమియా పాయసం చేశాను. "ఏమిటివాళ విశేషం?" అన్నారు మా ఆయన. సేమియా పాతబడిపోతోంది, అందుకే అన్నాను. "అది మొన్న నేనే కొనుక్కొచ్చాను కదా!" అన్నారు.

జూన్ 16, మంగళవారం

నీళ్ళ లారీ దగ్గర బిందెతో నిలబడ్డా ఆ ల్యాబు గదే కళ్ళముందు.

ఆ గదిలో మేం ముగ్గురం. సార్, నేను, చేత్తో తిప్పే లెక్కల యంత్రం. యంత్రానికి సార్ పార్వతి అని పేరు పెట్టారు. పిడి తిప్పితే గజ్జెల్లా మోగేది. పొద్దున నేను రాగానే, "పార్వతికి నూనె పెట్టావా? నిన్న సాయంత్రం నుంచి మూలుగుతోంది," అనేవారు. ఆయన లెక్క చూస్తూ ముక్కుతో ఏదో రాగం తీసేవారు. కూడిక తప్పితే రాగం ఆగిపోయేది. తలెత్తకుండానే తెలిసిపోయేది నాకు, తప్పు ఆయనకు దొరికిందని.

ఎక్స్‌రే పడిన ఫిల్ము మీద వందలకొద్దీ నల్ల చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో అల. ఏ చుక్క ఎంత నలుపో కంటితోనే కొలిచేదాన్ని. నలుపును బట్టి అల ఎత్తు తెలుస్తుంది. ఆ అల ఎక్కడ మొదలైందో, అంటే దాని దశ ఏమిటో, ఫిల్ము మీద పడదు. అందుకని ముందు అణువు ఫలానా విధంగా ఉంటుందని ఊహించాలి. ఆ ఊహలోంచి దశలు లెక్కగట్టాలి. వాటిని ఫిల్ము మీది ఎత్తులతో కలిపి కూడాలి. అంకెలు అచ్చేసిన అట్టముక్కలు చెక్కపెట్టె నిండా ఉండేవి. వాటిని వరసగా పేర్చి, వారాల తరబడి కూడితే ఒక్క పటం వచ్చేది.

పటాన్ని పొరలు పొరలుగా గాజు పలకల మీద గీసేదాన్ని. పలకలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కింద దీపం పెట్టేవారు సార్. మొదటిసారి అలా చూసినప్పుడు గాజులోపల చిన్న చిన్న గుట్టలు లేచి నిలబడ్డాయి. ఒక్కో గుట్ట ఒక్కో పరమాణువు. ఎవరూ ఇంతవరకు చూడనిది నేను చూస్తున్నాను. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. సార్ నన్నే ఎక్కువసేపు చూడనిచ్చి పక్కకు జరిగి నిలబడ్డారు. ఆ సాయంత్రం మెరీనాలో మామిడికాయ ముక్కలు వేసిన బఠాణీల సుండల్ కొనిపెట్టారు, వాళ్ళావిడ కనకవల్లి మామినీ వెంటబెట్టుకొచ్చి.

ఎంత బాగుండేదో!

జూన్ 17

తగాదా గురించి నిన్న రాయలేదు.

అణువు చివర ఆరు కార్బన్లతో ఆరు మూలల వలయం ఒకటి ఉంది. దానికి ఒక ఆక్సిజన్ తగిలించి ఉంది. ఏ మూలకన్నదే పేచీ. సార్ కిటికీ మూల అన్నారు. నేను తలుపు మూల అన్నాను. మా బల్ల ఉన్న తీరును బట్టి పెట్టుకున్న పేర్లు అవి.

"నా పటంలో నీ ఆక్సిజన్ ఎక్కడుందమ్మా, చూపించు!"

"కనబడదు సార్. మీరు కిటికీ మూల పెట్టి దశలు కట్టారు, అందుకే అక్కడే కనబడుతోంది."

"అంటే నేను కళ్ళు మూసుకుని గీశానంటావు."

నేను వేరే దశలు కట్టి నా పటం గీసి చూపించాను. ఆయన చూశారు. "చక్కగా గీశావు," అన్నారు, అంతే. పేపరు కిటికీ మూలతోనే వెళ్ళింది.

మరుసటి ఏడు నాకు ఆడపిల్లల కాలేజీలో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాను. ఉద్యోగం వచ్చింది కాబట్టి వెళ్ళాను. నాన్నగారికి ఒంట్లో బాగుండటం లేదు కూడా.

జూన్ 21, ఆదివారం

మా ఆయనకు ఆ దశల సంగతి రెండోసారి చెప్పాను. ముప్ఫై ఏళ్ళు రైల్వేలో చేసిన మనిషికి అలలంటే ఏం చెప్పను? రైళ్ళతో చెప్పాను.

"చూడండీ, ప్రతి రైలూ ఎంత పొడుగో మీకు తెలుసు. ఎన్నింటికి బయలుదేరిందో తెలియదు. అది తెలియకుండా ఏ రైలు ఎక్కడ ఏ రైలును దాటుతుందో చెప్పగలరా?"

"ఎలా చెప్తాను?"

"అందుకని బయలుదేరే వేళలు ఊహించుకుంటాం."

"ఊహించుకుని టైంటేబుల్ వేస్తారా! మా వాళ్ళయితే ఉద్యోగం పీకి ఇంటికి పంపుతారు," అని, "అయితే మీ సార్ వేసిన టైంటేబుల్ తప్పు, నీది ఒప్పు. అంతేనా?" అన్నారు.

నేనలా అనలేదు. ఆయనే అన్నారు.

జూన్ 24

డిపార్ట్‌మెంటు హెడ్ ఫోన్ చేశారు. ఆగస్టు తొమ్మిదిన ఆరావముదన్ సార్‌కు డెబ్బై అయిదో పుట్టినరోజు సన్మానమట. తొలినాటి శిష్యురాలిగా నేనూ మాట్లాడాలట. మాట్లాడతానన్నాను. ఏం మాట్లాడాలో కూడా అప్పుడే తట్టింది. కొంచెం పదునుగా.

జూన్ 27, శనివారం

మలర్‌విళి మళ్ళీ వచ్చింది. వెనక కిటికీలో స్ఫటికం పెరిగిందట, గోరంత. వాళ్ళ ఊరి హల్వా పొట్లం తెచ్చింది. కొలవడం అయిపోయిందని, ఇక అనుమానం లేదని చెప్పింది.

ఇక ఆగలేక కిటికీ మూల, తలుపు మూల కథంతా చెప్పాను. ఎవరికీ ఇంత వివరంగా చెప్పలేదెప్పుడూ. నా పటం సంగతి చెప్పాను. "చక్కగా గీశావు" అన్న మాట కూడా చెప్పాను.

ఆ పిల్ల ముఖం ఏదోలా అయింది. "అది నాకు తెలియదు మేడం," అంది. సార్‌కు ఎలా చెప్పాలోనన్న భయం కాబోలు. హెడ్డు సన్మానం అయ్యేదాకా నోరెత్తొద్దన్నారట.

"వచ్చే శనివారం ల్యాబుకు రండి. పటం మీరే చూద్దురు గాని," అంది.

నీలిరంగు కంచిపట్టు ఇస్త్రీకి ఇచ్చాను.

జూలై 4, శనివారం

వెళ్ళాను.

గది అదే, కానీ చల్లగా ఉంది. ఏసీ పెట్టారు. సముద్రం వైపు కిటికీలు మేకులు కొట్టి మూసేశారు. పార్వతి ఉండే చోట కంప్యూటరు. పార్వతిని ఎప్పుడో పాత ఇనుముకు వేసేశారట.

మలర్‌విళి 1962 గ్రూపు ఫోటో ఒకటి సంపాదించింది. ఫోటో పెడితే లోపలికి లాక్కునే యంత్రం కొత్తగా వచ్చిందట. దాంతో సార్ ముఖం ఒకటి, నా ముఖం ఒకటి విడగొట్టి పెట్టింది.

"బొమ్మ కూడా అలల కూడికే కదా మేడం. ఇప్పుడు సార్ బొమ్మలోంచి ఎత్తులు తీసుకుంటాను, మీ బొమ్మలోంచి దశలు తీసుకుంటాను. రెండూ కలిపితే ఎవరు కనబడతారో చెప్పండి?"

"సారే. ఆ మీసం ఎక్కడికి పోతుంది?"

"చూడండి."

తెర మీద బొమ్మ వరసవరసగా దిగుతూ వచ్చింది. వాన పడుతున్న అద్దంలోంచి చూసినట్టు మసకగా ఉంది. రెండు జడలు, పెద్ద బొట్టు. నేను. సార్ మీసంలో ఒక్క వెంట్రుక కూడా లేదు. తర్వాత తారుమారు చేసి చూపించింది. నా ఎత్తులు, సార్ దశలు. తెరనిండా సారే.

"ఎవరి దశ వేస్తే వాళ్ళ బొమ్మే మేడం. గీత ఎక్కడుంది, అంచు ఎక్కడుంది అన్నదంతా దశలోనే ఉంటుంది. ఎత్తులు మార్చినా ముఖం పోదు."

ఆ మొదటి బొమ్మను మళ్ళీ పెట్టమన్నాను. చాలాసేపు చూశాను. ఆ పిల్ల ముఖంలో ఎంత ధీమా! అన్నీ తెలుసునన్నట్టు చూస్తోంది.

తర్వాత పటాలు పెట్టింది. "ఫిల్ము కొలతలన్నీ మీవే. పేపరులో అచ్చయినవే. సార్ ఊహలోంచి దశలు వేశాను, చూడండి."

కిటికీ మూల ఆక్సిజన్ వచ్చింది.

"ఇప్పుడు మీరు చెప్పినదాంట్లోంచి."

తలుపు మూల వచ్చింది. గుండ్రంగా, గట్టిగా, నేను గాజు మీద గీసినట్టే వచ్చింది. "చూశావా!" అని గట్టిగా అరిచాను. చప్పట్లు కూడా కొట్టానేమో.

మలర్‌విళి నవ్వలేదు. "అవే కొలతలు మేడం," అంది మెల్లగా. "మొదటిదానికీ అవే, రెండోదానికీ అవే."

అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను.

మూడో పటం పెట్టింది. ఈసారి అణువుకు బ్రోమిన్ తగిలించి కొత్త స్ఫటికం పెంచిందట. బరువైన పరమాణువు కాబట్టి అదెక్కడుందో ముందే తెలిసిపోతుంది, అక్కడి నుంచి దశలు పట్టుకోవచ్చు. మిగతా అణువు గురించి ఏ ఊహా అక్కర్లేదు. నేను తెర మీద వేలు పెట్టి, చిన్నపిల్లలా, వలయం మూలలు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

ఐదు.

"ఆక్సిజన్ బయట వేలాడటం లేదు మేడం. వలయంలోనే ఒక మూలగా కూర్చుంది. సార్ చెప్పిన మూలా లేదు, మీరు చెప్పిన మూలా లేదు."

బస్సులో సీటు దొరికింది. బేసిన్ బ్రిడ్జి దాటేదాకా పట్టుచీర కొంగు ముడి వేస్తూ, విప్పుతూ కూర్చున్నాను.

జూలై 6

తలనొప్పి. కాలేజీకి వెళ్ళలేదు.

జూలై 8

నేను సగం సరి. సార్ చెప్పింది తప్పన్నాను కదా, అది తప్పే.

జూలై 9

సగం సరి కాదు.

జూలై 12, ఆదివారం

మా ఆయన అడిగారు. "ఏం తిలకం, నీ దశ బాగాలేదా?" వెటకారంగానే అడిగారు, కానీ పక్కన కూర్చున్నారు. చెప్పేశాను. ఐదు మూలలని చెప్పాను.

"నన్ను చేసుకున్నప్పటి నుంచీ ఆ తలుపు మూల మనింట్లోనే ఉంది," అన్నారు. "పండక్కీ పబ్బానికీ దాన్నే తుడిచావు. పోనీలే, ఇల్లు కాస్త ఖాళీ అయింది."

ఆయన లేచి వెళ్ళాక ఏడ్చాను.

ఉద్యోగం వచ్చిందని వెళ్ళలేదు నేను. నాన్నగారికి అప్పుడు మామూలు జ్వరమే. సార్ నా పటాన్ని ఒప్పుకోలేదని వెళ్ళాను. ఒకనాటికి ఆయనే వచ్చి నువ్వే సరని చెప్తారని అనుకున్నాను. చెప్పేదాకా ఆ మెట్లు ఎక్కకూడదనుకున్నాను. ఆ గదిని, గాజు పలకల్ని, పార్వతి మోతను అందుకోసం వదులుకున్నాను. లేని మూలకోసం.

జూలై 15

సన్మానంలో మాట్లాడలేనని చెప్పాలనుకుని ఫోన్ దగ్గరికి వెళ్ళాను. తిరిగి వచ్చేశాను. ముందు ఆయన్ని చూడాలి.

జూలై 19, ఆదివారం

మాంబళం వెళ్ళాను. కనకవల్లి మామి తలుపు తీసింది. జుట్టు దూదిలా అయిపోయింది. "అమ్మా తిలకం!" అని నా రెండు చెంపలూ నిమిరింది.

సార్ వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. మీసం లేదు. "ఎవరూ? తిలకవతా? పెరంబూరు నుంచి మాంబళం రావడానికి ఇన్నేళ్ళు పట్టిందా? బస్సు దొరకలేదా?" అన్నారు.

"దొరకలేదు సార్."

"కూర్చో. నువ్వు రాకపోతే నేనే వద్దామనుకున్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు." కాసేపు ముక్కుతో ఏదో రాగం తీశారు. తర్వాత ఆగిపోయారు. "సభలో అందరిముందూ చెప్పడం నాకు చేతకాదమ్మా. ఇక్కడే చెప్తాను. ఆక్సిజన్ నువ్వన్న చోటే ఉంది. నువ్వు వెళ్ళిన చాలా ఏళ్ళకు మళ్ళీ కూర్చుని లెక్క వేశాను. నీ దశలు పెట్టి చూశాను. తలుపు మూలే వచ్చింది. దిద్దుబాటు రాసి పంపుదామని ఎన్నోసార్లు కూర్చున్నాను, చెయ్యి రాలేదు. నీకు అన్యాయం చేశాను. నువ్వే సరి."

ఇరవై ఎనిమిదేళ్ళు ఏ మాట కోసం ఉన్నానో అదే మాట. మామి గుమ్మంలో కాఫీ పట్టుకుని ఆగిపోయింది.

ఊరుకుంటే చాలు. మలర్‌విళి పేపరు అచ్చయ్యేసరికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఆ మాట నాదే. ఆయనకూ మనసు తేలికవుతుంది. "అయ్యో, అదేం మాట సార్," అని కాఫీ అందుకుంటే సరిపోయేది.

"నేనూ తప్పే సార్," అన్నాను.

"ఏది తప్పు?"

"తలుపు మూల కూడా తప్పే. అసలు మూలే లేదు. ఆ వలయానికి ఐదే మూలలు. ఆక్సిజనే అందులో ఒక మూల. మీ డిపార్ట్‌మెంటులోనే ఒక అమ్మాయి తేల్చింది. మీరు నా దశలు వేశారు, నా ఆక్సిజన్ వచ్చింది. అంతే."

ఆయన కళ్ళద్దాలు తీశారు. పంచె అంచుతో తుడుస్తూ ఉండిపోయారు. మామి నావైపు కోపంగా చూసింది. సన్మానం ముందు ఈ ముసలాయనకు ఎందుకు చెప్పాను, ఏం బాగుపడదామని చెప్పాను, అనుకున్నాను.

"ఐదా?" అన్నారు.

"ఐదు సార్."

"నువ్వు చూశావా?"

"వేలు పెట్టి లెక్కపెట్టాను."

"ఐదు!" తొడ మీద చరుచుకున్నారు. "కనకం, విన్నావా? ఐదటే! లేని మూలకోసం మేమిద్దరం జుట్లు పట్టుకున్నాం!" నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, అయినా ఆగలేదు. నాకూ ఆగలేదు. మామి, "ఆయాసం మనిషి, ఊపిరాడక పోతారు, నువ్వైనా ఆపమ్మా," అంటూనే తనూ నవ్వింది.

"గియ్యి, గియ్యి," అన్నారు. కాగితం లేదు. సన్మాన సభ ఆహ్వానపత్రం వెనక్కి తిప్పి ఇచ్చారు. గీశాను.

"మరి మిగిలిన ఆ రెండు కార్బన్లు?"

"బయట వేలాడుతున్నాయి సార్, ఇక్కడొకటి, ఇక్కడొకటి."

"అందుకేనా! కింది వరసలో ఒక చుక్క ఉండేది. జ్ఞాపకముందా? మన లెక్కకు ఎప్పుడూ లొంగేది కాదు."

"ఎన్నిసార్లో కొలిచాను సార్ దాన్ని."

"నువ్వు కొలిచింది సరే. అన్నీ సరిగ్గానే కొలిచావు. నీ కంటిని నేనెప్పుడూ అనుమానించలేదు." పెన్సిల్ తీసుకుని, నా ఐదు మూలల మీదే మళ్ళీ గీశారు. "ఆ అమ్మాయిని నా దగ్గరికి ఎందుకు తీసుకురాలేదు?"

"సన్మానం అయ్యేదాకా నోరెత్తొద్దన్నారట."

"ఎవడన్నాడు? నేను పోయాక నా ఫోటో ముందు చదువుతారా? రేపే ఆ పటం పట్టుకుని రమ్మను."

చీకటి పడేదాకా కూర్చున్నాం. అన్నం తిని వెళ్ళమంది మామి. వత్తకుళంబు పులుసు, అప్పడాలు. తిన్నాను.

ఆగస్టు 9, ఆదివారం

సన్మానం బాగా జరిగింది. నేను పార్వతి గురించి, సుండల్ గురించి మాట్లాడాను. పదునుగా అనుకున్న మాటలేవీ రాలేదు.

హెడ్డు సన్మానపత్రం చదువుతూ 1963 పేపరు దగ్గరికి రాగానే సార్ చెయ్యెత్తి ఆపారు. "అది తప్పు, కొట్టేయండి," అన్నారు. జోకనుకుని సభంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. వెనక వరసలో ఉన్న మలర్‌విళిని పిలిచి, లేపి నిలబెట్టి, "సరిచేసింది ఈ అమ్మాయి. చప్పట్లు ఆవిడకు కొట్టండి," అన్నారు. ఆ పిల్లకు ఎక్కడ చూడాలో తెలియలేదు. హెడ్డు గారికీ తెలియలేదు.

ఆగస్టు 11, మంగళవారం

కాలేజీ నుంచి నేరుగా మాంబళం వెళ్ళాను. మలర్‌విళి పాత ఫిల్ములు తెచ్చిపెట్టింది. అన్నీ నా చేతిరాతే. సార్ భూతద్దం పట్టుకుని, నేను కళ్ళద్దాలు మార్చుకుని, కింది వరస చుక్క నుంచి మొదలుపెట్టాం. ఉన్నవి ఐదైతే, మా ఇద్దరికీ ఆరో మూల ఎలా కనబడింది? చుక్క బలహీనంగా ఉందని వదిలేయడం వల్ల అంటారు సార్. కాదు, మొదటి ఊహలోనే ఆరు పెట్టుకుని ఇక దాన్ని ముట్టుకోలేదు అంటాను నేను.

"మళ్ళీ మొదలుపెట్టావా నువ్వు!" అన్నారు.

"మీరు మొదలుపెట్టారు సార్."

మామి కాఫీ రెండోసారి వేడిచేసి తెచ్చింది. తేలలేదు. గురువారం మళ్ళీ రమ్మన్నారు. వెళ్తాను.